దీపావళి రోజున కాగితం దయ్యాలు

ఆ ఏడాది దీపావళి, హాలోవీన్ ఒకే రోజున పడ్డాయి. అమెరికాలోని మోరిస్‌విల్‌లో మేముండే వీధిలో సగం ఇళ్ళు మనవాళ్ళవే కావడంతో సెప్టెంబరు నుంచే వాట్సాప్ గ్రూపులో దాని మీద జోకులు మొదలయ్యాయి. మా ఇంట్లో మాత్రం అది జోకులతో ఆగలేదు. గుమ్మం ముందు ఏం పెట్టాలన్న విషయం మీద మా అమ్మాయికీ, వాళ్ళ అమ్మమ్మకీ పెద్ద పేచీయే వచ్చింది. మధ్యలో కత్తెర పట్టుకుని నేను ఇరుక్కున్నాను.

అప్పటికి మా అమ్మాయి రెండో తరగతి. మా అత్తగారు ఆ ఆగస్టులోనే విజయవాడ నుంచి వచ్చారు. నా భార్య వారంలో ఎక్కువ రోజులు ఆఫీసుకు వెళ్ళాల్సి వచ్చేది. నాది ఇంట్లోంచి చేసే ఉద్యోగం. అందువల్ల పాపను స్కూల్ బస్సు ఎక్కించడం, దించుకుని రావడం నా వంతు. నిజానికి గొడవంతా ఆ బస్ స్టాప్ దగ్గర మొదలైంది.

స్టాప్‌కి వెళ్ళే దారిలో, మలుపు మీద ఒక ముసలావిడ ఇల్లుంది. ఆవిడ అమెరికన్. ఒంటరిగా ఉంటుంది. అక్టోబరు వచ్చిందంటే చాలు, తన లాన్‌లో నిలువెత్తు మంత్రగత్తె బొమ్మను నిలబెడుతుంది. ఎవరైనా దగ్గరికి వెళ్ళగానే దాని కళ్ళు ఎర్రగా వెలుగుతాయి. వికవికా నవ్వి, చెయ్యి ముందుకు చాపుతుంది. అంతకు ముందు ఏడాది హాలోవీన్ రాత్రి, వేషం వేసుకుని ఇంటింటికీ చాక్లెట్లు అడగడానికి వెళ్ళిన మా అమ్మాయి ఆ నవ్వు విని, చేతిలో చాక్లెట్ల బకెట్ అక్కడే పారేసి ఏడుస్తూ ఇంటికి పరిగెత్తింది. ఈసారి బొమ్మ కనిపించిన రోజు నుంచీ నన్ను అవతలి పేవ్‌మెంట్ మీదుగా, మెయిల్‌బాక్సుల వెనక నుంచి చుట్టూ తిప్పి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది.

"ఆవిడని అడిగితే స్విచ్ ఆఫ్ చేస్తుంది కదరా," అంది నా భార్య.

"నో! అడగొద్దు," అంది మా అమ్మాయి. "నాకు భయం అని అందరికీ తెలిసిపోతుంది. నేను ఈ ఇయర్ ట్రిక్ ఆర్ ట్రీట్‌కి వెళ్ళను. అంతే."

అంతేనని తను అన్నా, ముఖం చూస్తే అంతే కాదని తెలుస్తూనే ఉంది. కిటికీలోంచి పక్కింటివాళ్ళ గుమ్మడికాయలను అలా చూస్తూ కూర్చునేది.

ఒక శనివారం లైబ్రరీకి వెళ్తే పిల్లల విభాగంలో గబ్బిలం బొమ్మ అచ్చువేసిన కాగితాలు పెట్టారు. తను ఒకటి తెచ్చుకుని, నాలుక బయటపెట్టి, రెక్కల వంకరలన్నీ శ్రద్ధగా కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది. కాసేపు దాని ఎదురుగా నిలబడి నాతో అంది.

"నాన్నా, దీన్ని చూస్తే నాకు భయం లేదు."

"ఎందుకని?"

"నేనే కట్ చేశాను కదా. లోపల ఏముందో నాకు తెలుసు. ఏం లేదు, పేపరే."

ఆ మాట నాకు భలే నచ్చింది. ఆ సాయంత్రమే ఇంటర్నెట్‌లో వెతికాను. ప్రింట్ చేసి, కత్తిరించి, మడిచి, అంటించుకునే హాలోవీన్ బొమ్మలు ఎన్ని రకాలున్నాయో! గబ్బిలాలు, దయ్యాలు, సాలీళ్ళు, కీళ్ళ దగ్గర కదిలే అస్థిపంజరం, మేడతో సహా ఒక దయ్యాల కొంప. అన్నీ ఉచితమే. తను నా ఒళ్ళో కూర్చుని ఒక్కోదాన్నీ వేలితో చూపిస్తూ పోయింది. నేను ప్రింట్ నొక్కుతూ పోయాను.

మొదట గబ్బిలాల గుంపు. నల్లని గబ్బిలం అంటే కాగితమంతా నలుపే కదా. ఆ ఆలోచన నాకు తట్టేలోపే మా ప్రింటర్‌లో నల్ల ఇంకు నిండుకుంది. అది ఆగకుండా మిగతా రంగులన్నీ కలిపి లాక్కొచ్చింది. సగం గబ్బిలాలు వంకాయ రంగులో, చారలు చారలుగా బయటికి వచ్చాయి. పారేద్దామని చేతిలోకి తీసుకున్నాను.

"డోంట్! అవి బేబీ బ్యాట్స్. ఇంకా బ్లాక్ అవ్వలేదు," అని నా చేతిలోంచి లాక్కుంది.

దయ్యాల కొంప ఇంకో తంటా. గోడలు మందపాటి కాగితం మీద శుభ్రంగా వచ్చాయి. పైకప్పు ఉన్న పేజీ మర్నాడు ప్రింట్ చేశాను. తీరా కూర్చోబెట్టబోతే కప్పు చిన్నది, ఇల్లు పెద్దది. చాలాసేపు తల గోక్కున్నాక అర్థమైంది, ఆ పేజీకి మాత్రం ప్రింటర్ తనంతట తాను బొమ్మను కాస్త కుదించింది. సెట్టింగ్స్‌లో నూటికి నూరు శాతం అని పెట్టి మళ్ళీ తీశాను. రోజంతా ఉద్యోగంలో పెద్ద పెద్ద సిస్టమ్‌లు సరిచేస్తానని చెప్పుకునే నాకు, అరచేతంత ఇంటికి కప్పు వేయలేక చెమటలు పట్టాయి.

మా అత్తగారు అప్పటివరకూ సోఫాలో కూర్చుని, టీవీ చూస్తున్నట్టు నటిస్తూ మమ్మల్నే చూస్తున్నారు. గ్లూ స్టిక్‌తో అంటించిన గోడలు మాటిమాటికీ విచ్చుకుంటుంటే ఇక ఉండబట్టలేక లేచారు.

"ఆ లిప్‌స్టిక్ లాంటిదాంతో ఏం అంటుతుంది బాబూ! ఉండండి, మైదా బంక కాచి తెస్తాను. మా చిన్నప్పుడు పుస్తకాలకు అట్టలన్నీ దాంతోనే వేసుకునేవాళ్ళం."

కాచి తెచ్చారు కూడా. గిన్నెడు, వేడివేడిగా. మా అమ్మాయికి అది గొప్ప వింత. "అమ్మమ్మా, గ్లూ కుక్ చేస్తావా!" అని వేళ్ళు ముంచి గోడలకు పట్టించింది. బంక బాగానే పట్టింది కానీ తడి ఎక్కువై గోడలు ఉబ్బాయి. తెల్లారేసరికి కొంప మొత్తం ఒక పక్కకి ఒరిగిపోయింది. మా అత్తగారు నొచ్చుకున్నారు. "అయ్యో, పాడుచేశానే," అన్నారు. మా అమ్మాయి మాత్రం దాని చుట్టూ తిరిగి చూసి, "ఇది రియల్ హాంటెడ్ హౌస్! స్ట్రెయిట్‌గా ఉంటే ఎవరికి భయం?" అని అమ్మమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది. ఆ రోజు నుంచి మా అత్తగారు కూడా మా కార్ఖానాలో మనిషే.

అయితే కార్ఖానాలో మనిషి కావడం వేరు, ఆ బొమ్మలను గుమ్మం దగ్గర ఒప్పుకోవడం వేరు.

అస్థిపంజరాన్ని చేతులూ కాళ్ళూ కదిలేలా చిన్న ఇత్తడి పిన్నులతో కలిపి, మా అమ్మాయి తలుపు మీద పెట్టబోయింది. మా అత్తగారు అడ్డంగా నిలబడ్డారు.

"పండగ పూట గుమ్మానికి ఎముకలా? పైన మామిడాకుల తోరణం, కింద పుర్రె! లక్ష్మీదేవి ఇంట్లోకి వస్తుందా, అటునుంచి అటే పోతుందా?"

"లక్ష్మీ గాడెస్ కదా అమ్మమ్మా! గాడెస్‌కి పేపర్ స్కెలిటన్ అంటే భయమా?"

నా భార్య నవ్వు ఆపుకుంటూ ఒక ఒప్పందం కుదిర్చింది. అస్థిపంజరం లాండ్రీ గది తలుపుకు. గబ్బిలాలు గుమ్మానికి అటూ ఇటూ గోడ మీద. తోరణం జోలికి ఎవరూ పోకూడదు. మర్నాడు పొద్దున్నే మా అత్తగారు బట్టలు తీసుకుందామని లాండ్రీ గదికి వెళ్ళి కెవ్వుమన్నారు. ఆ తర్వాత దాని ముఖం మీద ఒక తుండుగుడ్డ కప్పారు. మా అమ్మాయి తీసేది, ఆవిడ మళ్ళీ కప్పేవారు. పండగ దాకా ఇదే వరస.

ఇక మిగిలింది గుమ్మడికాయ ముఖం. పెద్ద కాగితం మీద నారింజ రంగులో ప్రింట్ చేశాను. కోరపళ్ళు, మిడిగుడ్లు. దీనికీ గొడవ తప్పదనుకుంటూనే అత్తగారికి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"ఇది దిష్టిబొమ్మ కదూ!"

"హాలోవీన్‌దండీ అత్తయ్యా."

"ఏదైతేనేం. కొత్తిల్లు కడుతుంటే ముందర వేలాడదీస్తాం చూడండి, ఇలాగే కోరపళ్ళు బయటపెట్టి, గుడ్లు ఉరుముతూ ఉంటుంది. దీన్ని మాత్రం గుమ్మం ముందే పెట్టండి. ఈ ఇల్లు కొన్న దగ్గర్నుంచీ దిష్టి తీయలేదు మీరు."

అలా ఆ గుమ్మడికాయ ముఖానికి అన్నిటికంటే మంచి చోటు దక్కింది. అమ్మమ్మ చెప్పింది విని మా అమ్మాయి కూడా ఆలోచనలో పడింది. భయపెట్టే బొమ్మ చెడ్డవాళ్ళను భయపెట్టడానికే తప్ప మనల్ని కాదన్న సంగతి తనకు కొత్త. అమ్మమ్మ చేత అది రెండు మూడు సార్లు చెప్పించుకుంది. ఆ మర్నాడు బస్సు దిగి ఇంటికొస్తూ, మెయిల్‌బాక్సుల వెనక నుంచే ఆ మంత్రగత్తెను కాసేపు తేరిపార చూసింది.

"నాన్నా, మనం దాన్ని చేద్దామా? విచ్‌ని?"

చేశాం. అది మా పనులన్నిటిలోకీ కష్టమైనది. టోపీ ఒక శంఖువు, గౌను ఇంకో పెద్ద శంఖువు, ముక్కు మరీ చిన్న శంఖువు. గట్టి గీత ఉన్న చోట కత్తిరించాలి, చుక్కల గీత ఉన్న చోట మడవాలి. ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో ముందు ఆ చుక్కల మీద గట్టిగా గీస్తే మడత నిటారుగా వస్తుంది. ముక్కు చుట్టడానికి నా వేళ్ళు పట్టలేదు, మా అమ్మాయి వేళ్ళే పట్టాయి. అది అంటుకుని ఆరేదాకా ఊపిరి బిగబట్టి పట్టుకుంది.

"ఇంత ముక్కుంటే దీనికి పెళ్ళెలా అవుతుందే?" అన్నారు మా అత్తగారు.

"షి డజంట్ వాంట్ పెళ్ళి, అమ్మమ్మా. షి హాజ్ ఎ క్యాట్."

అత్తగారు పడీపడీ నవ్వారు. నవ్వి, లోపలికెళ్ళి జాకెట్టు ముక్క ఒకటి, జరీ అంచుది, కత్తిరించి తెచ్చి మంత్రగత్తె భుజం మీద పైటలా వేసి అంటించారు. బెల్లం రంగు పట్టు, ఆకుపచ్చ అంచు. నల్ల టోపీ కింద ఆ పైట ఎంత బాగుందో చెప్పలేను. మా అమ్మాయి దాన్ని పుస్తకాల అల్మారా మీద పెట్టుకుని, ఆ పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా "హాయ్" చెప్పేది.

పండగ రోజు గురువారం. బడి ఉంది, ఆఫీసు ఉంది. సాయంత్రమయ్యేసరికి ఇల్లంతా హడావుడి. మా అమ్మాయి వేషం ఏమిటన్నది చివరిదాకా తేలలేదు. అమ్మమ్మ పట్టులంగా తొడగాలన్నారు, తను గబ్బిలం అవుతానంది. ఆఖరికి పట్టులంగా మీదే నేను అట్టముక్కలతో చేసిన గబ్బిలం రెక్కలు ఎక్కాయి. పూజ దగ్గర ఆ రెక్కలతోనే కూర్చుంది. హారతి ఇచ్చేటప్పుడు వెనక్కి తిరిగితే రెక్క తగిలి కుంకుమ భరిణ దొర్లింది. మా అత్తగారు కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుని, భరిణను తీసి సర్ది పెట్టారు.

మెట్లకు ఇరువైపులా ప్రమిదలు పెట్టాం. కాగితం బొమ్మలను వాటికి దూరంగా కట్టానన్న ధీమాతో ఉన్నాను. గాలి సంగతి మరిచాను. పిల్లల గుంపు ఒకటి గుమ్మంలోకి వచ్చి బకెట్లు చాపిన క్షణంలోనే ఒక కాగితం దయ్యం దారం తెంచుకుని తేలుతూ వచ్చి సరిగ్గా ప్రమిద మీద వాలింది. భగ్గుమంది. నేను చెప్పు కాలితో దూకి తొక్కాను. మెట్టు మీద నూనె ఒలికింది. ఇది మేము ఏర్పాటు చేసిన ప్రదర్శన అనుకున్నారు పిల్లలు, చప్పట్లు కొట్టారు. డైనోసార్ వేషంలో ఉన్న ఒకడు "డూ ఇట్ అగైన్!" అన్నాడు. నా భార్య గబగబా మిగతా దయ్యాలన్నిటినీ విప్పి కిటికీ లోపలి వైపు అంటించి, వెనక లైట్ వేసింది. వీధిలోంచి చూస్తే అలాగే ఇంకా బాగున్నాయి.

రద్దీ కాస్త తగ్గాక, మా అమ్మాయి అల్మారా మీద నుంచి మంత్రగత్తెను తీసుకుని వచ్చింది.

"దీన్ని ఆ విచ్ హౌస్ ఆంటీకి ఇద్దామా?"

ఎవరూ చెప్పలేదు. తన ఆలోచనే. నా భార్య గుమ్మం దగ్గర చాక్లెట్లు పంచుతూ ఉండిపోయింది. నేనూ, పాపా, మా అత్తగారూ బయలుదేరాం. అత్తగారు పట్టుచీర మీద నా చలికోటు వేసుకున్నారు. మెయిల్‌బాక్సుల దాకా మా అమ్మాయి చకచకా నడిచింది. అక్కడికి వచ్చాక కాళ్ళు ఆగాయి. లాన్‌లో మంత్రగత్తె చీకట్లో నల్లగా నిలబడి ఉంది.

"నాన్నా, నువ్వు ఇచ్చి రా. నేను ఇక్కడ ఉంటాను."

నేను ఏదో ధైర్యం చెప్పబోతున్నాను. ఇంతలో మా అత్తగారు, "ఇంతోటి దానికి ఎందుకే! ఇటు తే, నేనిచ్చి వస్తాను," అని పాప చేతిలోని బొమ్మను తీసుకుని నడిచారు. లాన్‌లోని బొమ్మ నవ్వుతుందన్న సంగతి ఆవిడకు ఎవరమూ చెప్పలేదు. పగటిపూట దూరం నుంచి చూసి ఉత్త దిష్టిబొమ్మ అనుకున్నారు.

దగ్గరికి వెళ్ళారో లేదో కళ్ళు ఎర్రగా వెలిగాయి. వికవికా నవ్వు. చెయ్యి ముందుకు వచ్చింది.

"ఓరి నాయనో!"

ఆ కేక వీధి చివరికి వినిపించి ఉంటుంది. ఆవిడ వెనక్కి తూలారు. ఒక చెప్పు గడ్డిలో ఉండిపోయింది. నేను పరిగెత్తేలోపే నా పక్క నుంచి రెక్కలు టపటపలాడించుకుంటూ పట్టులంగా దూసుకుపోయింది.

"అమ్మమ్మా! ఇట్స్ ఓకే, ఇట్స్ ఓకే! అది బొమ్మ! దానికి సెన్సార్ ఉంటుంది, అంతే!" అని అమ్మమ్మకీ, మంత్రగత్తెకీ మధ్య నిలబడింది. రెక్కలు రెండూ చాపి. "చూడు, నేను ఇలా చేస్తే నవ్వుతుంది." చెయ్యి ఊపింది. అది మళ్ళీ నవ్వింది. మా అమ్మాయి కూడా ఒక్క అడుగు వెనక్కి వేసింది కానీ అమ్మమ్మ చెయ్యి మాత్రం వదల్లేదు. "సీ? లోపల బ్యాటరీ ఉంది. దయ్యం లేదు."

అప్పటికి తలుపు తెరుచుకుని ఆ ముసలావిడ గబగబా మెట్లు దిగి వచ్చింది. మా అత్తగారి భుజం పట్టుకుని సారీ మీద సారీ చెప్పింది. వంగి, గడ్డిలోంచి చెప్పు తీసి ఆవిడ కాలి దగ్గర పెట్టబోతుంటే మా అత్తగారు "అయ్యయ్యో, వద్దమ్మా, పెద్దదానివి," అని తెలుగులోనే వారించారు.

"ఈ పాడు బొమ్మ గురించి చెప్పాలంటే," అంది ఆవిడ నాతో ఇంగ్లీషులో, "రోజూ పొద్దున మెయిల్ తెచ్చుకోవడానికి వస్తూ నేనే ఉలిక్కిపడతాను. పెట్టింది నేనే అని మరిచిపోతాను."

ఆ మాటకు మా అమ్మాయి కళ్ళు ఇంతయ్యాయి. "యూ టూ?"

"నేను కూడా. ఇలా రా, నీకు స్విచ్ ఎక్కడుందో చూపిస్తాను."

గౌను వెనక మడతల్లో ఒక చిన్న స్విచ్ ఉంది. మా అమ్మాయి ఆపింది, వేసింది, మళ్ళీ ఆపింది. తర్వాత అమ్మమ్మ చేతిలోంచి మా కాగితం మంత్రగత్తెను తీసుకుని ఆవిడకు ఇచ్చింది. ఆ కంగారులో దాని ముక్కు కొంచెం వంకరపోయింది. ఆవిడ దాన్ని వరండా లైటు కిందకు తీసుకెళ్ళి, పైటను వేలితో తడిమింది.

"పట్టా?" అంది.

"మా గ్రాండ్‌మా బ్లౌజ్‌ది," అంది మా అమ్మాయి గర్వంగా. "గ్లూ కూడా తనే కుక్ చేస్తుంది."

ఇంటికి వస్తూ నేను మెల్లగా అడిగాను. "అత్తయ్యా, పాప కోసమని కావాలనే అలా అరిచారా?"

"కావాలనా! నా గుండె ఇంకా కొట్టుకుంటోంది బాబూ," అన్నారావిడ. నిజమే, నడుస్తూ నడుస్తూ చేత్తో గుండెలు రాసుకుంటూనే ఉన్నారు. మా అమ్మాయి అదేమీ వినే స్థితిలో లేదు. మిగిలిన ఇళ్ళకు వెళ్ళాలని, చాక్లెట్లన్నీ అయిపోతాయని మమ్మల్ని ముందుకు లాగుతోంది. ఇంటి దగ్గర చాక్లెట్ల బకెట్ అందుకుని, అది నిండేదాకా తిరిగాం. ప్రతి ఇంటి దగ్గరా తనే ముందు వెళ్ళి, ఏ బొమ్మకు సెన్సార్ ఉందో చూసి వచ్చి, అమ్మమ్మకు చెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

మర్నాడు బడికి వెళ్తుంటే ఆ ఇంటి ముందు కిటికీలో మా కాగితం మంత్రగత్తె నిలబడి ఉంది. ముక్కు సరిచేసి ఉంది. మా అమ్మాయి పేవ్‌మెంట్ మారకుండా, దానికి చెయ్యి ఊపుకుంటూ బస్ స్టాప్‌కి నడిచింది.

ఆ ఆదివారం ఆవిడ మా ఇంటి బెల్ కొట్టింది. తను రోజూ పొద్దున చెరువు చుట్టూ నడుస్తుందనీ, మా అత్తగారికి ఇష్టమైతే కలిసి వెళ్ళవచ్చనీ చెప్పింది. ఈ దేశంలో ఒంటరిగా వీధిలోకి వెళ్ళడానికి జంకుతున్న మా అత్తగారు, నేను తెలుగులో చెప్పడం పూర్తయ్యేలోపే బూట్లు వెతుక్కోవడానికి లేచారు. ఆ చలికాలమంతా ఇద్దరూ నడిచారు. చీర కింద నా భార్య పాత బూట్లతో ఈవిడ, ఎర్ర ఉన్ని టోపీతో ఆవిడ. ఒకరి భాష ఒకరికి రాదు.

ఒక రోజు మరీ ఆలస్యంగా వస్తే నా భార్య అడిగింది.

"అమ్మా, ఇంతసేపు ఏం మాట్లాడుకుంటారు మీరిద్దరూ?"

"కుక్కల గురించి," అన్నారు మా అత్తగారు బూట్ల లేసులు విప్పుకుంటూ.

"నీకు ఇంగ్లీష్ వచ్చేసిందా ఏంటి?"

"నాకు రాలేదు, ఆవిడకు తెలుగూ రాలేదు. దారిలో కుక్క కనిపిస్తే ఆవిడ ఆగుతుంది, నేనూ ఆగుతాను. అది మంచిదో కరిచేదో ఇద్దరం చూసుకుంటాం. అప్పుడు మళ్ళీ నడుస్తాం," అని లేచి, టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్ళారు.